చీకటి కొలిమి

అడుగు పెట్టగానే నా నుదురు ఠంగున కప్పుకు కొట్టుకుంది. "వంగు నాయనా, ఇది మా ఎత్తుకు తవ్వుకున్న కొండ" అని నవ్వింది ముందు నడుస్తున్న అవ్వ. మరుగుజ్జు కమ్మరుల ఊరు చూడాలని సరదాపడ్డందుకు రెండు గంటలు నడుం వంచుకునే దిగాను.

కొలిమి దగ్గరికి చేరాక టార్చ్ ఆర్పేయమంది. పట్టకారుతో కడ్డీ తీసి "ఎర్రబడింది, చూడు" అంది. నాకు నల్లగానే ఉంది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక గానీ ఆ మసక ఎరుపు కనబడలేదు. 525 డిగ్రీల దగ్గర ఇనుము వెలగడం మొదలవుతుంది, పట్టపగలు ఆ వెలుగు ఎవరికీ తెలియదు. వీళ్ల కంటిపాపలు పిల్లికి మల్లే విప్పారతాయి. నేను ఎరుపని ఊరుకున్నచోట అవ్వ తొమ్మిది రంగులకు పేర్లు చెప్పింది. ఎండలో కొలిమి పెడతారా అని మనల్ని చూసి నవ్వుకుంటారట.

నేర్చుకునే పిల్లలకు మాత్రం సూదంటురాయి ఇస్తారు. 770 డిగ్రీలు దాటిన ఇనుము దానికి అంటుకోదు. పెద్దవాళ్లు ఆ రాయి ముట్టుకుంటే నామోషీ!

ఆడా మగా అందరికీ గడ్డాలే. నిప్పురవ్వలు పడకుండా జడ అల్లి తోలుసంచిలో దోపుకుంటారు. దాగలి వాళ్ల తొడల ఎత్తుకే ఉంటుంది, సమ్మెట దెబ్బకి ఒళ్లంతా తోడొస్తుంది.

ఇంతలో నాకు తల తిరిగింది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మన రక్తాన్ని మాత్రం ఆక్సిజన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. వాళ్ల రక్తానికి ఆ బాధ లేదు. అవ్వ నన్ను గాలిబిలం దాకా ఈడ్చుకెళ్లి పడేసింది. అరగంటకు తేరుకున్నాను.

తిరిగొచ్చేసరికి దీపం వెలిగించి ఉంది! నీళ్లలో ముంచిన ఉక్కు గాజులా పెళుసు, మళ్లీ కాస్త వేడి చేయాలి. అప్పుడు కనిపించేది వెలుగు కాదు, పైన కట్టే పలచని పొర రంగు. అందుకే దీపం. వెలుతురంటే నా రాజ్యం కదా అని కత్తి నేనే పట్టుకున్నాను. ఎండుగడ్డి రంగు రాగానే, అంటే 220 డిగ్రీల దగ్గర, తీసేయాలి. రంగు చూస్తూ మైమరిచిపోయాను. ఊదా కూడా దాటి నీలం తిరిగింది.

అవ్వ దాన్ని వంచి వదిలింది. టింగుమని నిటారుగా నిలబడింది.

"అంచు పోయింది. అయినా వంచితే విరగదు, నీ నడుం కంటే నయం" అని నా చేతిలో పెట్టింది.