లివర్ తేరుకుంది, కండరాలకే టైమ్ పట్టింది

యాభై దాటాక చేయించుకున్న మామూలు చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ అని తేలింది. అప్పటిదాకా నొప్పి లేదు, కామెర్లు లేవు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లంతా లాగేసినట్టు ఉండేది, అంతే. రక్తపరీక్షలో జీజీటీ, ఏఎస్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) రెండూ ఎక్కువగా ఉన్నాయి, స్కాన్‌లో కొవ్వు తెలుస్తోంది.

డాక్టర్ చెప్పినదాంట్లో ఒకటి నా మనసులో నాటుకుపోయింది. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది, అందుకని ముప్పై ఏళ్లప్పుడు తాగిన అవే రెండు పెగ్గులు ఇప్పుడు తాగితే రక్తంలో ఆల్కహాల్ మోతాదు ఎక్కువ చూపిస్తుంది. పైగా లివర్ ముందు ఆల్కహాల్ సంగతి చూసుకోవాలి కాబట్టి కొవ్వును కరిగించే పని వెనకపడుతుంది, ఆ కొవ్వంతా అక్కడే పేరుకుంటుంది.

మందు పూర్తిగా మానేశాను. (రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు కూడా రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.) సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడిపోయే దశ) దాకా పోలేదు కాబట్టి కొన్ని నెలల్లోనే రిపోర్టులు నార్మల్‌కి వచ్చాయి, ఆ కాగితం చూసి ఇంట్లో అందరం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను.

కానీ మెట్లెక్కితే తొడలు వణికేవి, నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోయేవాణ్ణి. బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించి, నడక ఒక్కటే చేస్తుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోయింది. అసలే ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందంటారు, దానికి తోడు కండ కట్టే పనికి ఆల్కహాల్ కూడా అడ్డుపడుతుంది. నాకు ఈ సంగతి చెప్పింది ఫిజియోథెరపిస్ట్. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, తర్వాత కొద్దిగా బరువులు. వారానికి 150 నిమిషాల నడకతో పాటు కనీసం రెండు రోజులు ఇలాంటి వ్యాయామం ఉండాలన్నారు. ప్రోటీన్ కిలో బరువుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా, అంటే 70 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 84 గ్రాములు, అదీ ఒకే పూట కాకుండా మూడు పూటలా. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు, వాళ్లు డాక్టర్‌నే అడగాలి.

బలం చాలా మెల్లగా వచ్చింది, కానీ వచ్చింది. నా బాధల్లా ఒకటే, లివర్‌కి అన్ని టెస్టులు రాస్తారు, కాళ్లలో సత్తువ ఎంతుందో ఎవరూ చూడరు. ముప్పై సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్ష ఒకటుంది, ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు అది కూడా చేయమని అడగండి.