హైదరాబాదు నుంచి విశాఖ దాకా సైకిల్ మీద: మా తిండి సంగతి

సైకిల్ మీద విశాఖ వెళ్తున్నామనగానే అందరూ లారీల గురించే భయపెట్టారు. తిండి సంగతి అడిగింది మా అత్తయ్య ఒక్కతే. సంక్రాంతి వెళ్లిన వారానికే ప్రయాణం కాబట్టి డబ్బాలో అరిసెలు ఇంకా ఉన్నాయి. వాటికి తోడు సున్నుండలు కూడా కట్టి ఇచ్చింది. సగం ఏర్పాటు అక్కడే అయిపోయింది.

ఒంట్లో కండరాలు, కాలేయం కలిసి గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములు. అంటే దాదాపు 2,000 కేలరీలు. సామాను కట్టుకుని నింపాదిగా తొక్కినా గంటకు 400 కేలరీల పైనే ఖర్చు. కొవ్వు కొంత ఆదుకుంటుంది గానీ, ఏమీ తినకుండా తొక్కుతూ పోతే మధ్యాహ్నానికి కాళ్లు మొరాయిస్తాయి, చిన్న బ్రిడ్జి ఎక్కడం కూడా గండమే. ఆ స్థితికి వచ్చాక తింటే వెంటనే కోలుకోలేం. అందుకని ఆకలితో నిమిత్తం లేకుండా అరగంటకోసారి ఫోన్లో అలారం పెట్టాను. నాతో వచ్చిన మా పిన్ని కొడుక్కి ఆ మోత వింటేనే చిరాకు. "ఇందాకేగా తిన్నాం అక్కా!" అనేవాడు. అంటూనే నమిలేవాడు.

మామూలుగా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమంటారు. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. అరిసె ఇంకా నయం: బియ్యప్పిండి, బెల్లం, పాడైపోయే భయం లేదు, నలిగినా తినొచ్చు. బెల్లంలోని చక్కెర కడుపులో గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఆ రెండూ పేగుల్లోంచి వేర్వేరు దారుల్లో రక్తంలోకి వెళ్తాయి, కాబట్టి ఒట్టి గ్లూకోజు కంటే ఎక్కువ ఒంటబడుతుంది. ఆటగాళ్లు వాడే ఖరీదైన జెల్ ప్యాకెట్లలో ఉండే కిటుకూ ఇదే. సున్నుండల్లో నెయ్యి, మినప్పప్పు, అరగడానికి టైం పడుతుంది. వాటిని రాత్రికి దాచాం.

తెల్లవారుజామున రెండు అరటిపళ్లు తిని బయల్దేరడం, పాతిక ముప్పై కిలోమీటర్లయ్యాక టిఫిన్. పూరీ జోలికి పోలేదు. నూనె పడితే తర్వాత రెండు గంటలూ త్రేన్పులే. సూర్యాపేట దగ్గర ఒక బండి మీద మూడో ప్లేటు ఇడ్లీ అడిగేసరికి ఆవిడ గరిటె ఆపి, "ఏడికి పోతున్రు బిడ్డా?" అంది. వైజాగ్ అన్నాం. సైకిళ్ల వైపు ఓసారి చూసి, లెక్కలో లేని ఇడ్లీలు రెండు వేసి, పల్లీ చట్నీ నిండా పోసింది.

విజయవాడ దాటేసరికి తీపి అంటే మొహం మొత్తింది. అరిసె నోట్లో పెట్టుకుంటే మింగుడుపడేది కాదు. నల్ల టీషర్టు వీపు మీద, హెల్మెట్ పట్టీల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. చెమటతో పోయేది నీళ్లే కాదు, సోడియం కూడా. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి అసలుకే మోసం. అక్కడి నుంచి ఉప్పేసిన మజ్జిగ, పులిహోర, ఉప్పు శనగలు. కొబ్బరిబోండం మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, దాంతోనే సరిపెట్టుకోకూడదు.

ఒక సీసాలో మామూలు నీళ్లు, ఇంకో దాంట్లో ఓఆర్‌ఎస్. లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. మందుల షాపులో ఆ సూత్రం అచ్చేసిన పొడి ప్యాకెట్టే తీసుకోండి. ఓఆర్‌ఎస్ పేరుతో డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలు వేరే బాపతు. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది.

నీళ్ల దగ్గర ఆడవాళ్లకు ఇంకో తిప్పలు. హైవే మీద బాత్రూం దొరకదేమోనని తాగడమే తగ్గించేస్తాం. నేను మాత్రం పెట్రోలు బంకులు మ్యాపులో ముందే గుర్తుపెట్టుకుని, ఒక బంకు నుంచి ఇంకో బంకు దాకా ఇన్ని నీళ్లని పెట్టుకున్నాను. కొన్ని చోట్ల తలుపుకి తాళం ఉంటుంది. అడిగితే ఇస్తారు, సిగ్గుపడితే పని జరగదు.

తాడేపల్లిగూడెం, తణుకు మధ్య రోడ్డు పక్కన తేగలు (తాటి టెంకల మొలకలు) కాలుస్తున్నారు. పైపొట్టు ఒలిచి, నిలువునా చీల్చి, లోపలి చందమామ (లేత మొలక) తీసేసి కొరికితే మంచి పిండి, పీచు. నమలడం ఓ పెద్ద పని కాబట్టి సైకిల్ మీద కుదరదు. చెట్టు కింద కూర్చుని తీరిగ్గా కానిచ్చాం. రావులపాలెంలో అరటి గెలల లారీలు చూశాక మళ్లీ పళ్ల మీద మనసు పోయింది, జేబుల నిండా చక్కెరకేళీలు.

సాయంత్రం లాడ్జీకి చేరగానే స్నానం కంటే ముందు పెరుగన్నం. ఆగిన మొదటి గంట, రెండు గంటల్లో తిన్నది గ్లైకోజెన్‌గా త్వరగా చేరుతుంది. ఈ పూట వదిలేస్తే మర్నాడు పొద్దున్నే తెలిసిపోతుంది. రాత్రి భోజనంలో పప్పు, రెండు గుడ్లు, పైన అత్తయ్య సున్నుండ. తొక్కేటప్పుడు పప్పూ మాంసం అక్కర్లేదు, అవి రాత్రి కండరాల మరమ్మతుకి.

అన్నవరంలో మాత్రం నియమాలన్నీ పక్కన పెట్టాం. తీపి వద్దనుకున్న నోటితోనే, ఆకులో నెయ్యి ఓడుతున్న గోధుమ నూక ప్రసాదం చెరో రెండు పొట్లాలు లాగించాం. ఆ పూట అలారం మోగినా మావాడు కిక్కురుమనలేదు.

విశాఖ చేరాక సైకిళ్లు ఆగాయి గానీ ఆకలి ఆగలేదు. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని, గంట తిరక్కుండానే భోజనానికి కూర్చున్నాం. ఇంటికొచ్చాక కూడా వారం రోజుల పాటు ఇదే వరస. నోరు కట్టుకోవాలని నేను చూడలేదు. అరిగినంత తిన్నాను.