పులికాట్‌లో ఆల్చిప్పల దిబ్బ కట్టాలంటే

2022 జిల్లాల విభజనలో తిరుపతికి పులికాట్ కూడా దక్కింది. తిరుపతి అనగానే కొండ గుర్తొస్తుంది గానీ తడ, సూళ్లూరుపేట వైపు జాలరుల కుప్పాలు ఎవరికీ గుర్తురావు. ఆ సరస్సు అడుగున తరతరాల గుల్ల, అంటే చిప్పల పెంకులు, పేరుకుని ఉంది. దాన్ని తవ్వి సున్నపు బట్టీలకు తోలడం పాత వ్యాపారం. అసలు నష్టం అక్కడే. ఆల్చిప్ప పిల్ల నిలవాలంటే గట్టి ఆధారం కావాలి, దానికి అన్నిటికంటే నచ్చేది మరో ఆల్చిప్ప గుల్లే. అది లేకపోతే బురదలో పడి చస్తుంది. కాబట్టి కొత్త దిబ్బ కట్టడానికి ముందు ఉన్న గుల్లను తవ్వనివ్వకపోవడమే చవకైన పని.

పిల్ల రెండు మూడు వారాలు నీటిలో తేలుతూ తిరుగుతుంది. తర్వాత ఎడమ చిప్పను ఒకచోట అతికించుకుని ఇక జన్మలో కదలదు. దాని మీద ఇంకొకటి, ఆ పైన మరొకటి పెరిగి దిబ్బ అవుతుంది. సందుల్లో రొయ్య పిల్లలు, మండపీతలు దాక్కుంటాయి, వాటి వెంట చేపలొస్తాయి. అల జోరు తగ్గి ఒడ్డు కోత నెమ్మదిస్తుంది. నీళ్లు తేరతాయి. అమెరికా రకం ఒక్కటి రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుందనే లెక్క ఒకటి బాగా తిరుగుతుంటుంది. అది అన్నీ అనుకూలించినప్పటి మాట, రకం కూడా వేరు. దాన్ని తెచ్చి మన సరస్సుకు గుణించొద్దు.

చోటు ఎంపికలోనే సగం పని తేలిపోతుంది. రొయ్యల రైతుల దగ్గరుండే రిఫ్రాక్టోమీటర్‌తో వారానికోసారి, సముద్రం ఎక్కే పోటులోనూ దిగే పాటులోనూ సెలినిటీ, అంటే నీటి ఉప్పదనం, చూడాలి. 10 నుంచి 30 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) మధ్య ఉంటే హాయి. కార్తీకం వానలకు సరస్సులో కలిసే కాళంగి నది పొంగి వారాల తరబడి 5 లోపు ఉండిపోతే ప్రమాదం. ఆల్చిప్ప మూత బిగించుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, కానీ నీళ్లు వేడిగా ఉంటే ఆ ఓపిక త్వరగా అయిపోతుంది. సముద్ర ముఖద్వారం ఇసుకతో పూడితే వానాకాలంలో మంచినీళ్లు బయటికి పోవు, ఎండాకాలంలో సముద్రపు నీళ్లు లోపలికి రావు. ఉత్తరపు భాగమైతే వేసవిలో ఎండి నెర్రెలిస్తుంది, అటువైపు ఆలోచనే వద్దు. ఏడాది పొడుగునా నీళ్లు నిలిచి, పోటుపాట్లు తగిలే చోటే చూడాలి.

అడుగు పరీక్ష సులువు. దిగి నిలబడితే కాలు చీలమండ దాటి కూరుకుపోయేచోట వేసిన గుల్ల కూడా కూరుకుపోతుంది.

తర్వాత అక్కడికి పిల్ల వస్తోందా చూడాలి. గుల్లలకు బెజ్జాలు పెట్టి 3 మి.మీ. నైలాన్ తాడుకు జానెడు ఎడంతో అయిదారు గుచ్చి, వెదురు గుంజలకు వేలాడదీయాలి. గుంట వైపు కిందికుంటే ఒండ్రు చేరదు. రెండు వారాలకోసారి భూతద్దంతో చూడాలి. మధ్యలో నోరున్న చిన్న గోపురంలా నిలబడి ఉంటే అది బార్నకిల్ అనే వేరే జీవి. పలచగా, చదునుగా అంటుకుని ఉంటే మనది. పిల్ల ఏ నెలలో రాలుతుందో ఈ తాళ్లే చెబుతాయి. దిబ్బ వేయాల్సింది దానికి కాస్త ముందు. మరీ ముందు వేస్తే గుల్ల నిండా పాచి, బార్నకిల్స్ పట్టి, పిల్ల వచ్చేసరికి చోటుండదు. తాళ్లకు ఏడాదంతా ఏమీ అంటకపోతే దగ్గర్లో తల్లి ఆల్చిప్పలు లేనట్టే. అప్పుడు పిల్లల్ని పుట్టించే హేచరీలో గుల్లలకు పిల్ల అంటించి తేవాలి, ఖర్చు పెరుగుతుంది.

పది మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బకు 3 ఘనపు మీటర్ల గుల్ల పడుతుంది. రకాన్ని బట్టి బరువు సుమారు రెండు టన్నులు. ఆ ఎత్తు కనీసం అనుకోవాలి, దాని దగ్గర పిసినారితనం పనికిరాదు. అమెరికాలోని చెసాపీక్ బేలో 30 సెంటీమీటర్లు దాటిన దిబ్బలు నిలిచాయి, తక్కువ ఎత్తువి ఒండ్రు కింద పోయాయి. వేరే చోటు నుంచి తెచ్చిన గుల్లయితే ఆరు నెలలు ఎండలో పోసి, మధ్యమధ్యలో తిరగేయాలి. లేకపోతే అక్కడి రోగాలు ఇక్కడికి వస్తాయి. కొబ్బరి పీచు వల సంచుల్లో పది పన్నెండు కిలోల చొప్పున నింపితే ఒక మనిషి మోయగలడు. ప్లాస్టిక్ వల ఎక్కువకాలం ఉంటుంది, అదే దాని దోషం కూడా. పీచు కుళ్లేలోగా పిల్లలు గుల్లల్ని ఒకదానికొకటి అతికించేయాలి, అందుకే పైన చెప్పిన అదను ముఖ్యం. వరుస ఒడ్డుకు సమాంతరంగా, పాటులో కూడా నీటి కిందే ఉండేట్టు వేయాలి. చైత్ర వైశాఖాల ఎండకు గంటల తరబడి బయటపడితే ఉడికిపోతాయి.

తినొచ్చా అని అడిగేవాళ్లుంటారు. మురుగు కలిసే నీటిలో పెరిగినదాన్ని పచ్చిగా అసలు తినకూడదు. మొదటి రెండేళ్లు ఆ దిబ్బ జోలికే పోకపోవడం మంచిది.

ఆంధ్ర వైపు పులికాట్ వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క సంచి కూడా దించలేం. దానికంటే ముందు కుప్పం కాపులతో, అంటే జాలరి పల్లె పెద్దలతో, కూర్చోవాలి. ఎవరి వల ఎక్కడ పడుతుందో, పడవ ఏ దారిన పోతుందో వాళ్లకే తెలుసు. వల చిరిగితే మర్నాడే గుల్ల ఒడ్డున ఉంటుంది, వాళ్లను తప్పుపట్టలేం. నాలుగు మూలలా ఎత్తు వెదుళ్లు పాతి రంగు గుడ్డలు కట్టండి. పనిచేసేవాళ్లకు గమ్‌బూట్లు, మందపాటి చేతి తొడుగులు ఇవ్వండి. గుల్ల అంచు కోసిన గాయాన్ని ఉప్పునీటిలో నాననిస్తే చీము పడుతుంది.