సర్వరా, వర్క్‌స్టేషనా, కస్టమా: ఆల్మాలినక్స్ 9తో నా అనుభవం

సెంట్ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్ల గడువు 2024 జూన్ 30తో ముగిసింది. ఆ తర్వాత మా బిల్లింగ్ మెషీన్‌లో దాని స్థానంలో వాడే ఆల్మాలినక్స్ 9 వేయించాం. వేసింది మెషీన్ అమ్మిన వెండర్ తాలూకు మనిషి. మొన్న ఆ మెషీన్ పడుకుంది. దాన్ని లేపాక, రెండో బ్రాంచికి వచ్చిన మెషీన్‌ను ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే ఇన్‌స్టాల్ చేశాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

ముందు తేలికైనవి. పెన్‌డ్రైవ్ 16 జీబీది తీసుకోండి, పూర్తి డీవీడీ ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైలు) 8 జీబీలో పట్టదు. ప్రాసెసర్ కోర్ 2 డ్యుయో కాలం నాటిదైతే అసలు మొదలుపెట్టకండి. 9వ వెర్షన్‌కు ప్రాసెసర్‌లో ఎక్స్86-64-వీ2 అనే సామర్థ్య స్థాయి తప్పనిసరి. టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా పెట్టి, నెట్‌వర్క్ స్విచ్ ఆన్ చేసి, హోస్ట్‌నేమ్ కూడా అక్కడే ఇచ్చేయండి.

సాఫ్ట్‌వేర్ సెలెక్షన్ పేజీలో ఆరు రకాలు కనిపిస్తాయి: సర్వర్ విత్ జీయూఐ, సర్వర్, మినిమల్ ఇన్‌స్టాల్, వర్క్‌స్టేషన్, కస్టమ్ ఆపరేటింగ్ సిస్టమ్, వర్చువలైజేషన్ హోస్ట్. డీవీడీతో వేస్తే మొదటిదానికి టిక్ ముందే పడి ఉంటుంది. వర్క్‌స్టేషన్ మనిషి ఎదురుగా కూర్చుని వాడే కంప్యూటర్‌కే. ఇక ‘కస్టమ్’ అంటే ప్యాకేజీలన్నీ ఏరుకోవచ్చని చాలామంది ఆశపడతారు. అందులో వచ్చేది కోర్ గ్రూపు (కనీస ప్యాకేజీలు) మాత్రమే, పక్కన స్టాండర్డ్, గెస్ట్ ఏజెంట్స్ టిక్‌లు ఉంటాయి. మినిమల్‌కూ దానికీ పెద్ద తేడా లేదు. డబ్ల్యూగెట్ (ఫైళ్లు దించేది), డిగ్ (డీఎన్ఎస్ వివరాలు చూసేది) లాంటివి తర్వాత మనమే తెచ్చుకోవాలి. నేను ‘సర్వర్’ ఎంచుకున్నాను. మౌస్ లేనిదే పని చేయలేమనేవాళ్లకు కాక్‌పిట్ (బ్రౌజర్‌లోంచే మెషీన్‌ను చూసుకునే పేజీ) చాలు: దాని సాకెట్ సర్వీసు ఎనేబుల్ చేసి, బ్రౌజర్‌లో 9090 పోర్టు తెరవడమే. రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరుతో అది లాగిన్ కానివ్వదు కాబట్టి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక యూజర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా చేసి పెట్టుకోండి.

ఈ పేజీలో ఏది నొక్కినా కొంప మునగదు. రేపు డెస్క్‌టాప్ కావాలంటే డీఎన్ఎఫ్ (ప్యాకేజీలు తెచ్చే కమాండ్) గ్రూప్ ఇన్‌స్టాల్‌తో వస్తుంది. వద్దనుకుంటే డిఫాల్ట్ టార్గెట్‌ను (మెషీన్ ఏ తీరులో లేవాలో చెప్పే సెట్టింగ్) మల్టీ-యూజర్‌కు మార్చితే మాయమవుతుంది. కొంప ముంచేది పక్కనున్న డిస్క్ పేజీ. వెండర్ మనిషి అక్కడ ‘ఆటోమేటిక్’ వదిలేసి ‘డన్’ నొక్కి వెళ్లిపోయాడు.

ఆటోమేటిక్ చేసే పని ఇదీ. డిస్క్‌లో 50 జీబీకి మించి చోటుంటే స్లాష్ హోమ్‌ను (యూజర్ల ఫైళ్లుండే భాగం) వేరుగా కడుతుంది. రూట్‌కు (ఇక్కడ యూజర్ కాదు, సిస్టమ్ ఉండే ప్రధాన భాగం) గరిష్ఠంగా 70 జీబీ ఇచ్చి, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) తీసి, మిగతాదంతా హోమ్‌కు రాసేస్తుంది. నలుగురు యూజర్ల ఫైళ్లుండే మెషీన్‌కు అది బాగానే ఉంటుంది. మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిచే మెషీన్. దాని డేటా వార్ లిబ్ పీజీఎస్‌క్యూఎల్ ఫోల్డర్ కింద, అంటే రూట్‌లోనే పెరుగుతుంది. ఏ భాగంలో ఎంత చోటుందో చెప్పే డీఎఫ్ కమాండ్ ఆ రోజు చూపించింది ఇది: రూట్ 70 జీబీ, వాడకం 100 శాతం. దాని కిందే హోమ్, 850 జీబీ, వాడకం 1 శాతం. వాల్ ఫైలు (మార్పులను డేటాబేస్ ముందుగా రాసుకునే లాగ్) రాయడానికి చోటు లేక డేటాబేస్ ఆగిపోయింది, కౌంటర్లో బిల్లులు ఆగిపోయాయి.

వెండర్‌కు ఫోన్ చేస్తే, మా యజమాని పక్కనే ఉండగా స్పీకర్లో, “డిస్క్ తొంభై శాతం ఖాళీగానే ఉంది కదా సార్, తప్పు మీ సాఫ్ట్‌వేర్‌దే” అన్నాడు. డీఎఫ్‌లో ఉన్నది చదివి వినిపిస్తే, “అయితే ఇంకో డిస్క్ కొనండి, కొటేషన్ పంపిస్తా” అన్నాడు. 850 జీబీ ఖాళీగా పెట్టుకుని ఇంకో డిస్క్! తన పని తనకు రాకపోతే రాదని చెప్పాలి గానీ, కొనేవాడి మీదికి నెట్టడం ఏం మర్యాద?

‘హోమ్‌ను తగ్గించి రూట్‌కు ఇచ్చేయొచ్చుగా’ అని మీకు అనిపిస్తుంది. కుదరదు. ఆల్మాలినక్స్ డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్. దాన్ని పెంచగలం, తగ్గించలేం. హోమ్‌ను తీసేసి మళ్లీ కట్టడమొక్కటే దారి.

ముందు ఊపిరాడేందుకు డీఎన్ఎఫ్ క్లీన్ ఆల్ కొట్టి, పాత లాగ్‌లు తీసేయండి. పీజీ వాల్ ఫోల్డర్‌లో ఫైళ్లు మాత్రం చేత్తో తీయొద్దు, డేటాబేస్ చెడిపోతుంది. తర్వాత హోమ్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి టార్ చేసి, ఆ బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో చూడండి. గ్రాఫికల్ సెషన్ మూసి, టెక్స్ట్ కన్సోల్‌లో రూట్ యూజర్‌గా లాగిన్ అవ్వండి, లేకపోతే హోమ్ అన్‌మౌంట్ కాకుండా ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటుంది. దాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో ఫ్యూజర్ కమాండ్ చెబుతుంది. అన్‌మౌంట్ అయ్యాక ఎల్‌వీఎం (డిస్క్ చోటును భాగాలుగా పంచే ఏర్పాటు) కమాండ్ ఎల్‌వీరిమూవ్‌తో హోమ్ తీసేసి, అదే పేరుతో 50 జీబీది ఎల్‌వీక్రియేట్ చేసి, ఎక్స్ఎఫ్ఎస్ ఫార్మాట్ కొట్టండి. పేరు మారకపోతే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను (మెషీన్ లేచేటప్పుడు ఏవి మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలు) ముట్టుకోనక్కర్లేదు. పేరు మార్చి అక్కడి లైను అలాగే వదిలేస్తే, రీబూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. మౌంట్ చేసి, బ్యాకప్ తిరిగి దింపి, ఎస్ఈలినక్స్ (లినక్స్ భద్రతా వ్యవస్థ) లేబుళ్ల కోసం రిస్టోర్‌కాన్ నడపండి. ఇప్పుడు రూట్ మీద ఎల్‌వీఎక్స్‌టెండ్, మైనస్ ఆర్ తో, 300 జీబీ కలపండి. రూట్ మౌంట్‌లో ఉండగానే పెరుగుతుంది.

రెండో మెషీన్‌లో ఆ గొడవ రాకుండా డిస్క్ పేజీలోనే ‘కస్టమ్’ పెట్టాను. 1 టీబీ డిస్క్‌కు నా లెక్క: ఈఎఫ్ఐ 600 ఎంబీ, బూట్ 1 జీబీ, రూట్ 40, స్వాప్ 8, వార్ 60, పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్‌కు విడిగా 300, హోమ్ 20. మిగతాది ఎవరికీ ఇవ్వకుండా వాల్యూమ్ గ్రూపులో (ఈ భాగాలన్నీ చోటు తీసుకునే ఉమ్మడి నిల్వ) ఉంచాను. ఇక్కడ తెలిసినవాళ్లు కూడా జారిపడతారు: వాల్యూమ్ గ్రూపు పక్కన ‘మాడిఫై’ నొక్కి, సైజ్ పాలసీని ‘యాజ్ లార్జ్ యాజ్ పాసిబుల్’కు మార్చాలి. ‘ఆటోమేటిక్’లో వదిలేస్తే ఇచ్చిన సైజుల మేరకే గ్రూపు తయారై, ఖాళీ చోటు దాని బయట పడి ఉంటుంది. రెండు డిస్క్‌లుంటే ఇంకా జాగ్రత్త. రెండింటికీ టిక్ పెట్టి ఆటోమేటిక్ అంటే గ్రూపు రెండింటి మీదా పరుచుకుంటుంది, ఒకటి పోతే రెండోదానిలో ఉన్నదీ పోయినట్టే.

ఇన్‌స్టాలేషన్ బయటివాళ్లకు ఇవ్వక తప్పకపోతే, డీఎఫ్, వీజీఎస్ (వాల్యూమ్ గ్రూపులో ఎంత మిగిలిందో చూపే కమాండ్) అవుట్‌పుట్ రెండూ చూశాకే బిల్లు కట్టండి.

మీరు ఎంచుకున్నవన్నీ రూట్ యూజర్ ఫోల్డర్‌లో అనకొండ-కేఎస్ ఫైలుగా మిగులుతాయి. తర్వాతి మెషీన్‌కు కిక్‌స్టార్ట్‌గా (ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు ముందే జవాబులు ఇచ్చే ఫైలు) అదే పనికొస్తుంది. అయితే అందులో డిస్క్ పేరు, పార్టిషన్ లైన్లు కొత్త మెషీన్‌కు సరిపోతాయో లేదో చూసి వాడండి. రూట్ పాస్‌వర్డ్ హ్యాష్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు.