రిపోర్టు నిండా ఆర్‌లే

పొద్దున్న పదింటికి నాన్న కల్చర్ రిపోర్టు వచ్చింది, ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది. మూడు రోజుల క్రితం తెల్లవారుజామున దగ్గీ దగ్గీ మూత డబ్బాలోకి తీసిన కఫం తాలూకుది. ఆకుపచ్చగా, జిగురుగా ఉంది. ఆ రంగు చూసే డాక్టరుగారు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయి ఉంటుందని అనుమానపడ్డారు. అదే అయింది.

కాగితంలో ఒకవైపు మందుల పేర్లు, ఎదురుగా ఒక్కో అక్షరం. ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే చెయ్యదు. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. సెఫ్టాజిడైమ్ ఆర్. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ ఆర్. మెరోపెనెమ్ కూడా ఆర్. వేలు పెట్టి ఒక్కో వరస దిగుతుంటే కాళ్లలో సత్తువ పోయింది. ఆసుపత్రికి వచ్చిన రోజు నుంచి ఎక్కిస్తున్నది ఆ మెరోపెనెమే. చివర కొలిస్టిన్, దానికి ఐ, అంటే ఆ రెండిటికీ మధ్య. ఎక్కడా ఎస్ లేదు.

"కంగారుపడకండమ్మా. 2020 నుంచి మా ల్యాబు రూల్స్‌లో కొలిస్టిన్‌కి ఎస్ అని రాయడమే తీసేశారు. ఐ లేదా ఆర్, అంతే" అన్నారు డాక్టరుగారు. పక్కన 1 అన్న అంకె చూపించారు, బ్యాక్టీరియాని ఆపడానికి ఎంత మందు కావాలో చెప్పే అంకె. 4 వస్తే ఆర్ అట. 1950ల నాటి మందు. కిడ్నీలు పాడవుతున్నాయని పక్కన పెట్టి, మిగతావి పనిచెయ్యకపోయేసరికి మళ్లీ బయటికి తీశారు. సూదితో ఇస్తే ఊపిరితిత్తుల్లోకి సరిగ్గా చేరదు కాబట్టి నెబ్యులైజర్‌లో కూడా పెడతామన్నారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రోజూ రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. యూరిన్ పోసినప్పుడల్లా కొలిచి రాయడం నా పని.

నాన్నకి టీబీ తగ్గి ఇరవై రెండేళ్లు. అది మిగిల్చిన మచ్చల వల్ల కుడి ఊపిరితిత్తిలో గాలి గొట్టాలు వెడల్పయి, కఫం అక్కడే నిలిచిపోతుంది. బ్రాంకియెక్టాసిస్ అంటారు. దగ్గు ఎక్కువైనప్పుడల్లా సందు చివర మందుల షాపుకి వెళ్లేదాన్ని. చీటీ అడిగేవారు కాదు, ఐదు మాత్రలు కత్తిరించి ఇచ్చేవారు. రెండు రోజులకి తగ్గితే మిగిలినవి డబ్బాలో వేసేదాన్ని. మధ్యాహ్నం బట్టల కోసం ఇంటికెళ్లి ఆ డబ్బా తీశాను. సిప్రోఫ్లాక్సాసిన్ ముక్క, సెఫిక్సిమ్ ముక్క, రెండింటి మీదా నిలువునా ఎర్ర గీత. డాక్టరు రాయకుండా వాడొద్దని ఆ గీతకి అర్థం. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను.

నా వల్లేనా అని డాక్టరుగారిని అడిగేశాను. "ఇలాంటి ఊపిరితిత్తిలో ఈ బ్యాక్టీరియా మామూలుగానే గూడు కట్టుకుంటుందమ్మా. కాకపోతే మందు వాడిన ప్రతిసారీ దాన్ని తట్టుకున్నవే మిగులుతాయి" అన్నారు. ఓదార్పుగా ఏమీ కలపలేదు. అదే నయం.

సాయంత్రం తణుకు నుంచి బావగారు ఫోన్ చేశారు, ఆయనకి కోళ్లఫారం ఉంది. కొలిస్టిన్ అనగానే "అది ఒకప్పుడు దాణాలో వేసేవాళ్లం కదమ్మా" అన్నారు. పశువులకీ, కోళ్లకీ, చేపల చెరువులకీ వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. నాన్నకి మిగిలిన మందు కోళ్లు బరువు పెరగడానికి వాడారంటే నాకు ఏడుపొచ్చింది.

రాత్రి ముందు గాలి గొట్టాలు తెరుచుకోడానికి సాల్బుటమాల్ పెట్టారు, లేకపోతే కొలిస్టిన్‌కి పిల్లికూతలు వస్తాయట. తర్వాత కొలిస్టిన్. మాస్కు లోపల తెల్లటి పొగలో నాన్న కళ్లు మూసుకున్నారు. అయ్యాక పక్కకి తిప్పి, ఫిజియో అమ్మాయి నేర్పినట్టు చెయ్యి గిన్నెలా వంచి వీపు తట్టాను. "ఇంకొంచెం గట్టిగా తల్లీ" అన్నారు. తట్టాను. కాస్త కఫం వచ్చింది.

పదింటికి యూరిన్ 180 మి.లీ. రాశాను.