పెద్దోళ్ళు లేని ఇంట్ల సంతకం ఎవరు పెట్టాలె – నా అనుభవం

నాయిన పోయినంక మా ఇంట్ల అన్నిటికంటె ముందు కరువైంది పైసలు కాదు, సంతకం. 2019 వానకాలం, నాకు 16 ఏండ్లు, ఇంటర్ ఫస్టియర్ల అప్పుడే చేరిన, తమ్ముడు ఎనిమిదో తరగతి. అమ్మ అంతకు ముందే పోయింది. ఊరు నారాయణపేట దిక్కు ఒక మండల కేంద్రం, పేరుకు టౌను గానీ బస్టాండు దాటితే అన్నీ కంది చేన్లే. నాయినది రెండెకరాలు, వాన పడితేనే పంట, అందుకే పంట ఇంటికి రాంగనే కూలోళ్ళను పనికి తోల్కపోయే గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీస్కొని పుణె పోతుండె, మా దిక్కు చానా ఇండ్లల్ల గంతే. కాబట్టి మేమిద్దరమే ఇంట్ల ఉండుడు మాకు కొత్తేం కాదు, ఎండకాలం దాకా ఎట్లనూ మేమే వండుకొని మేమే బడికి పోయేటోళ్ళం, కాకపోతే అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తేటందుకు నాయిన ఉండె.

పచ్చకామెర్లు ముదిరి పోయిండు. దినాలు అయిన మర్నాడే చుట్టాలందరు కూసొని మా సంగతి మాట్లాడిండ్రు, మమ్మల్ని పక్కన కూసొబెట్టుకొనే. చిన్నాయిన ఏమన్నడంటే, "ఇద్దరు మా ఇంటికే రండ్రి, భూమి నేను చూస్కుంట, బీమా పైసలు నా అకౌంట్ల ఏసుకుంటె పదిలంగ ఉంటయ్, చిన్నోన్ని నా ఎంబడి పుణె తోల్కపోత, సెంట్రింగ్ పని నేర్చుకుంటడు". అందరు తలకాయ ఊపిండ్రు. తమ్ముడు మాత్రం "నేను బడికే పోత" అన్నడు, గంతే, ఇంకో మాట లేదు. పక్కింటి పెద్దమ్మ "నా కండ్ల ముంగటనే ఉంటరు గద, ఈడనే ఉండనియ్యుండ్రి" అన్నది. మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆయన గూడ పుణెలనే పని, ఈడ ఉండలేడు గానీ "ఏడ సంతకం కావాల్నో చెప్పండ్రి, వచ్చి పెట్టిపోత" అన్నడు. ఆ ఒక్క మాట మీద మేం ఇంట్లనే ఉండిపోయినం.

ముందుగాల డెత్ సర్టిఫికెట్. 21 రోజుల లోపల చెప్తే పంచాయతీల పైసలేం లేకుండ రాసుకుంటరు, లేటయితే అఫిడవిట్లనీ పర్మిషన్లనీ మొదలైతయ్, కాబట్టి ఎవరింట్లనన్న ఇట్లయితే ఏడుపు ఏడుపే గానీ ఈ పని మాత్రం ఆపొద్దు. మాకు టైంకే అయింది గానీ పేరు కాడ చిక్కొచ్చింది. ఆధార్ల నాయిన పూర్తి పేరు, పట్టా పాసుబుక్కుల ఊర్ల పిలిచే పేరు. సర్టిఫికెట్ల ఏది రాయాలె? ఆధార్ల ఉన్నదే రాయించినం, ఇద్దరూ ఒక్కడే అని తర్వాత తహసీల్దార్ ఆఫీసు నుంచి కాయితం తేవాల్సొచ్చింది. పుట్టిన తారీఖు మాత్రం మా వాడల అందరి లెక్కనే జనవరి 1, దాని గురించి ఎవరూ అడగలే.

రైతు బీమా 2018 ఆగస్టుల మొదలైంది, పట్టా ఉండి 18 నుంచి 59 ఏండ్ల మధ్యల ఉన్న రైతు ఏ కారణంతోటి పోయినా ఎల్ఐసీ నుంచి 5 లక్షలు వస్తయ్, ప్రీమియం సర్కారే కడ్తది. ఫారాలు నింపేటప్పుడు అమ్మ లేదు కాబట్టి నాయిన నామినీగ నా పేరు రాయించిండు, నేను మైనర్ కాబట్టి అపాయింటీ అని ఇంకో పేరు కావాలె అంటే మామ పేరు చెప్పిండు. ఈ అపాయింటీ అనే గడిని ఎవరూ లెక్కచెయ్యరు గానీ అసలు సంగతంత దాంట్లనే ఉన్నది. నామినీకి 18 నిండకుంటె పైసలు నామినీకి రావు, అపాయింటీ చేతికి వస్తయ్. చిన్నాయిన పేరు గనుక ఆడ ఉండి ఉంటె ఈ కథ ఇంకో తీరుగ ఉంటుండె, ఆయన చెడ్డోడని కాదు, ఆయనకు అప్పులుండె.

ఏఈవో సార్, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, ఇంటికే వచ్చి కాయితాలు తీస్కున్నడు, మంచిగ చెప్పిండు గూడ. పది రోజుల్ల వస్తయ్ అని రూలు, మా పేర్ల పంచాయితీ తెగేసరికి దసరా దాటింది. పైసలు మామ అకౌంట్ల పడ్డయ్. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను పండుకోలే, పుణెల ఉన్నోడు, ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు, ఫోన్ గూడ ఎత్తుతలేడు. మూడో రోజు పొద్దుగాల బస్సు దిగి వచ్చిండు, ఫోన్ పాడైందట. దినాల ఖర్చుకు తను పెట్టిన 20 వేలు పట్టుకొని మిగిలింది మొత్తం నాకు ఇచ్చిండు. పట్టుకోవాల్సిందే, అవి ఆయన తెచ్చిన అప్పు.

ఇచ్చుడు అంటే అలకగ అయిందా, కాలే. బ్యాంకుల మైనర్ అకౌంటుకు గార్డియన్ ఎవరు అని అడిగిండ్రు. మామ అన్న. మామ చెల్లడు అన్నరు. లెక్క ప్రకారం తండ్రి, తండ్రి లేకుంటె తల్లి, ఇద్దరు లేకుంటె కోర్టు పెట్టినోడే గార్డియన్, మేనమామ ఎంత దగ్గరోడైనా బ్యాంకుకు పరాయోడే. కోర్టుకు పోవాల్నంటె వకీలు, ఫీజు, వాయిదాలు. మస్తు తిరిగినంక అదే బ్రాంచిల ఒక ఫీల్డ్ ఆఫీసర్ మేడం నా పాసుబుక్కు తిరగేసి "ఇది నీ ఒక్కని పేరు మీదనే ఉంది గద రా" అన్నది. స్కాలర్‌షిప్ కోసమని తీసిన జీరో బ్యాలెన్స్ అకౌంటు అది. పదేండ్లు దాటిన పిల్లలు తమ ఖాతా తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లనే చెప్పిందట, అకౌంట్ల ఎంత ఉండాల్నో మాత్రం ఆయా బ్యాంకు ఇష్టం. మేడమే మేనేజర్ తోటి మాట్లాడి 4 లక్షలు ఎఫ్‌డీ చేయించింది, వడ్డీ మూణ్ణెల్లకోసారి నా అకౌంట్ల పడేతట్టు. నెలకు 2 వేల చిల్లర పడ్డట్టు లెక్క. మిగిలిన దాంట్లకెళ్ళి అప్పులు కట్టినం, అదిగూడ ప్రోనోటు చూపెట్టినోళ్ళకే. నూటికి మూడు రూపాయల వడ్డీ అని నోటిమాటతోటి వచ్చినోళ్ళను పెద్దమ్మే వాకిట్ల నుంచే తోలేసింది, ఆమె నోరు అసొంటిది.

రేషన్ సంగతి చెప్త, నవ్వొస్తది ఇప్పుడు. కార్డుల మా ఇద్దరి పేర్లు ఉన్నయ్, అప్పుడు మనిషికి 6 కిలోలు, కిలో రూపాయి ఉండె, అంటే 12 రూపాయలకు 12 కిలోలు. ఎప్పుడూ నాయిన వేలు పెట్టేటోడు. నేను పోయి పెడితే మిషన్ల ఎర్ర లైటు. పంచెతోటి తుడిచి పెట్టు అంటడు డీలరు, నెత్తికి రాస్కొని పెట్టు అంటది ఎనకున్న ముసలామె, ఇంకొకాయన వేలు గట్టిగ ఒత్తిపడ్తడు, ఎన్ని తీర్ల చేసినా ఎర్ర లైటే. సంగతేందంటే ఆధార్ దిగినప్పుడు నేను చిన్న పిలగాన్ని, 15 నిండినంక వేలిముద్రలు మళ్ళ ఇయ్యాల్నట, మాకు ఎవరు చెప్తరు? ఆధార్ సెంటర్ల కొత్త ముద్రలు ఇచ్చి అవి ఎక్కేదాంక పెద్దమ్మ బియ్యమే తిన్నం. మీ ఇంట్ల 15 దాటిన పిల్లలుంటె ఈ పని ముందే చేయించుండ్రి.

ఇంకోటి, నాయిన సిమ్ము. గ్యాస్ బుకింగు, ఆధార్ ఓటీపీ, భూమి మెసేజ్‌లు అన్నీ ఆ నంబరుకే. చనిపోయినోళ్ళ ఫోన్‌కు రీచార్జి ఏంది అని దోస్తులు నవ్విండ్రు గానీ నెలనెలా చిన్న రీచార్జి ఏపిచ్చుకుంటనే వచ్చిన. బంద్ పెడితే అన్ని ఆఫీసుల మళ్ళ మొదటికి వస్తుంటిమి.

వంట పెద్ద కష్టం కాదు. పొద్దుగాల అన్నం, పచ్చిపులుసు, దానికి పొయ్యి గూడ అక్కెర లేదు. జొన్నరొట్టె మాత్రం తమ్ముడే నేర్చుకున్నడు, నా చేతుల అంచులు పలుగుతయ్, వాడు మాత్రం ఏడినీళ్ళు పోసి పిండి పిసికి చప్పుడొచ్చేతట్టు కొట్టి గుండ్రంగ పెనం మీద ఏస్తడు. మధ్యాహ్నం వానికి బడిల భోజనం, వారంల మూడు గుడ్లు. నాకు కాలేజీల అది లేకుండె, డబ్బా తీస్కపోతుంటి. ఐతారం వచ్చిందంటె మాత్రం ఇద్దరికీ లొల్లే, బట్టలు ఎవరు పిండాలె అని.

హైస్కూల్ల తెలుగు సార్ మా సంగతి తెలిసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసిండు. మాకు చెప్పకుండ చేసిండని అప్పుడు కోపమొచ్చింది, ఎందుకంటే వాళ్ళొచ్చి తమ్మున్ని హోముకు తీస్కపోతరని భయం. బాలల సంక్షేమ కమిటీ ముందట ఇద్దరిని ఏరేర్గ కూసొబెట్టి అడిగిండ్రు, ఏం తింటరు, ఎవరు కొడ్తరు, ఎవరు తాగొస్తరు అని. పెద్దమ్మను గూడ పిలిచిండ్రు. చివరికి ఇంట్లనే ఉండనిచ్చి, స్పాన్సర్‌షిప్ కింద తమ్మునికి నెలకు 2 వేలు రాసిండ్రు. నెలనెలా రాలే, కలిపి కలిపి వచ్చినయ్, అయినా వచ్చినయ్. 2022 నుంచి అదే మిషన్ వాత్సల్య అనే స్కీము కింద 4 వేలు అయింది. తల్లిదండ్రులు ఇద్దరు లేని పిల్లలు చుట్టాల దగ్గర ఉన్నా దీనికి పెట్టుకోవచ్చు, జిల్లాల బాలల పరిరక్షణ ఆఫీసుల అడగాలె.

2020 మార్చిల నా ఫస్టియర్ పరీక్షలు అయినయ్, లాక్‌డౌన్ పడ్డది. ఏప్రిల్ల సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 ఇచ్చింది, మా ఇంట్ల అన్ని బియ్యం ఎన్నడూ చూడలే. బడి భోజనం బందయి గుడ్లు మాత్రం పోయినయ్. సెప్టెంబర్ నుంచి టీవీల పాఠాలన్నరు, మాకు టీవీ లేదు, పెద్దమ్మ ఇంట్ల యాదగిరి ఛానల్ పెట్టుకొని తమ్ముడు లెక్కలు వింటుంటె ఆమె సీరియల్ టైం అయిందని గోల. నా సెకండియర్ పరీక్షలు పెట్టనే లేదు, ఫస్టియర్ మార్కులే మళ్ళ ఏసిండ్రు.

అన్నిటికంటె సతాయించింది భూమి విరాసత్, అంటే నాయిన భూమి వారసులమైన మా పేర్ల మీదికి మార్చుడు. ఊరి రెవెన్యూ అధికారి వీఆర్వో దగ్గర అర్జీ పెట్టినం, ఇయ్యాల రేపు అన్నడు, ఇంతల 2020 సెప్టెంబర్ల వీఆర్వోలనే తీసేసిండ్రు, రిజిస్ట్రేషన్లు ఆగినయ్, అక్టోబర్ ఆఖరికి భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది. మా అర్జీ ఎటు పోయిందో ఎవరికీ తెల్వదు. ఈ నడిమిట్ల ఎకరానికి సీజనుకు 5 వేల రైతుబంధు, అంటే సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, మా పేరు లేక పోయింది, ఆ పైసలు మళ్ళ రాలే. నాకు 18 నిండినంక మీసేవల స్లాట్ బుక్ చేసి, తమ్ముడు మైనర్ అని రాయించి, తహసీల్దార్ ముందట ఫొటో దిగి వేలు పెడితే (ఈసారి పచ్చ లైటే వచ్చింది) పాసుబుక్కు చేతికొచ్చింది. భూమి చివరికి చిన్నాయినకే కౌలుకిచ్చినం, ఎకరానికి ఐదు వేలు, కాయితం మీద రాసుకొని, పెద్దమ్మ సాక్షి. ఆయన నవ్వుకుంటనే సంతకం పెట్టిండు.

తమ్ముడు 2022ల టెన్త్ రాసి పాసై పాలిటెక్నిక్ చేసిండు, ఇప్పుడు హైదరాబాద్ల పని చేస్తుండు. నేను డిగ్రీ అయినంక ఈడనే మీసేవల కూసుంటున్న, వచ్చే కాయితాల్ల చానా మటుకు పేర్ల పంచాయితే. గ్యాస్ కనెక్షన్ మాత్రం ఇంకా నాయిన పేరు మీదనే ఉన్నది, మార్చుడు తమ్ముని వంతు అని చెప్పిన, పండుగకొస్తె చేయిస్త అంటుండు, రెండు పండుగలు అయిపోయినయ్.