మంత్రం తాత, పాల వ్యాను

నేను మన బడిలో 1988 బ్యాచ్. సంచికకు ఏదైనా రాసివ్వమని ఫోన్ వచ్చినప్పుడు ముందుగా గుర్తొచ్చింది 1987 నవంబరులో జరిగిన వక్తృత్వ పోటీ. ఆ వెంటనే, పోటీ అయిన నాలుగో రోజు తెల్లవారుజామున మా ఊళ్లో జరిగిన సంగతి. ఈ రెండూ నాకు విడివిడిగా ఎప్పుడూ గుర్తుకు రావు.

పోటీ అంశం 'జ్ఞానం గొప్పదా, వివేకం గొప్పదా'. నేను జ్ఞానం పక్షం. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనుక్కోవడం దగ్గర మొదలుపెట్టి, మశూచిని లోకంలోనే లేకుండా చేయడం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతలి పక్షం అమ్మాయి లేచి, "చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు" అనగానే హాలంతా చప్పట్లు. అయినా మొదటి బహుమతి నాకే ఇచ్చారు, ఇంకు పెన్ను. న్యాయనిర్ణేత మన సైన్సు అయ్యవారు. ఆయన పేరు రాయనక్కర్లేదు, మా బ్యాచ్ వాళ్లందరికీ ఎవరో తెలుసు.

అయ్యవారు చంద్రగిరి దగ్గర మా ఊళ్లోనే బాడుగకు ఉండేవారు. పొద్దున పాకాల ప్యాసింజర్‌లో ఇద్దరం తిరుపతికి వచ్చేవాళ్లం. ఆ రైల్లో నేర్చుకున్నంత సైన్సు నేను క్లాసులో కూడా నేర్చుకోలేదు. మన దేశంలో మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసే పాములు నాలుగు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అని చెప్పింది ఆయనే. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్న వాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, చివరికి ఊపిరి నిలిచిపోతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

అవి చెనక్కాయలు ఇల్లు చేరే రోజులు. కాయల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఆ తెల్లవారుజామున వసారాలో చాప మీద పడుకున్న మా చిన్నాయన కడుపు పట్టుకొని లేచాడు. మాట ముద్దగా వస్తోంది. లాంతరు ఎత్తి చూస్తే రెప్పలు సగం వాలి ఉన్నాయి, ఎంత ప్రయత్నించినా పైకి లేవడం లేదు. నాకు అర్థమైపోయింది.

అప్పటికే మంత్రం తాతను పిలుచుకొచ్చారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి ఏది కరిచినా ఆయనే దిక్కు. కాళ్లూ చేతులూ తడిమి చూసి, "వాపు లేదు, పాము కాదు, ఏదో పురుగు ముట్టింది" అని వేపమండ తీసుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఇది కట్లపామేనని, మంత్రాలు మూఢనమ్మకమని, ఇలాగే జనాన్ని చంపుతున్నారని నలుగురి ముందు తాతను నిలదీశాను. నేను చెప్పిన దాంట్లో వైద్యపరంగా ఒక్క తప్పు లేదు. తాత మండ కింద పెట్టి అరుగు మీద కూర్చుండిపోయాడు. మా చిన్నమ్మ ఏడుస్తూ, "పెద్దాయనను అన్ని మాటలంటివే, ఇంక మంత్రం పారతాదా" అని చిన్నాయనను పట్టుకొని కదలనివ్వలేదు. అట్లా ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాలూ నావే.

ఎవరో చెబితే అయ్యవారు పరిగెత్తుకొచ్చారు. లాంతరు వెలుగులో చిన్నాయన రెప్పలు చూశారు, నా వైపు చూశారు. ఆయనకు తెలిసింది నాకు తెలిసిందే, అంతకన్నా ఏమీ ఎక్కువ కాదు. నేరుగా వెళ్లి తాత పక్కన అరుగు మీద కూర్చున్నారు.

"పెద్దాయనా, నీ మంత్రం కదిలే బండిలో పని చేస్తుందా?"

"యాడైనా చేస్తాది అయ్యవారూ."

"అయితే బండెక్కు. దోవ పొడుగునా వేస్తూ రా."

చంద్రగిరి నుంచి వచ్చే పాల వ్యానును ఆపి, క్యాన్ల మధ్య చిన్నాయనను పడుకోబెట్టాం. తాత తల దగ్గర కూర్చున్నాడు. తాత ఎక్కాడు కాబట్టి చిన్నమ్మ కూడా మారు మాట్లాడకుండా ఎక్కింది. తిరుపతిలో రుయా ఆస్పత్రి చేరేసరికి చిన్నాయన ఊపిరి అందుకోలేక గురక పెడుతున్నాడు. సూది మందు ఎక్కించారు, గొంతులోకి గొట్టం వేసి రబ్బరు బుడ్డ తగిలించారు. దాన్ని ఆపకుండా ఒకే లయలో నొక్కుతుండాలి. ఇంటి మనుషులం వంతులు వేసుకున్నాం. రాత్రి రెండు దాటాక నాకు కళ్లు మూసుకుపోతుంటే లెక్క తప్పింది. తాత నా చేతిలోంచి బుడ్డ తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ, మంత్రం ఒక్కో చరణానికి ఒక్కసారి నొక్కుతూ తెల్లారేదాకా కూర్చున్నాడు. లయ ఒక్కసారి కూడా తప్పలేదు. మూడో రోజు చిన్నాయన రెప్పలు లేచాయి.

ఈ విషయంలో నా అభిప్రాయం చెబుతాను. వివేకం ఉంటే చదువు లేకపోయినా ఫర్వాలేదనే వాళ్లతో నేను ఏకీభవించను. తాతది ఊరంతా మెచ్చిన బుద్ధే, కానీ ఆయన కట్లపామును పురుగు అన్నాడు. రెప్పలు వాలడం అంటే ఏమిటో తెలిసిన మనిషి అక్కడ ఉండి తీరాలి. అయినా రెండింట్లో ఏది ఎక్కువంటే ఇప్పుడు వివేకం అనే అంటాను. తెలియనిది పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవచ్చు. అరుగు మీద ఎవరి పక్కన కూర్చోవాలో ఆ నిమిషంలో ఎవరినీ అడగలేం.

నేను హెల్త్ అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్క కట్టింది. అందులో ఎక్కువ మంది పల్లెల్లో, ఇంటి దగ్గరే పోయారు. ఆ లెక్క చదివినప్పుడల్లా మా చిన్నమ్మ చిన్నాయనను పట్టుకొని కూర్చున్న వసారా కళ్లముందుకొస్తుంది. ఇంకో సంగతి కూడా ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది. విరుగుడు మందును గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారు చేస్తారు. ఆ విషం చాలావరకు చెన్నై దగ్గరి ఇరుళుల, అంటే పాములు పట్టే గిరిజనుల, సహకార సంఘం నుంచి వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాము చర్మాల వ్యాపారం పోయి బతుకుతెరువు లేక తిప్పలు పడ్డ వాళ్లు 1978లో పెట్టుకున్న సంఘం అది. జాడను బట్టి పాము ఏ బొరియలో ఉందో చెప్పగల మనుషులు వాళ్లు. పోటీలో నేను చెప్పిన జ్ఞానంలో అలాంటి వాళ్లు ఒక్కరూ లేరు.

ఆ తర్వాత తాత బతికినన్నాళ్లూ, కాటు పడి ఎవరొచ్చినా బస్సు వచ్చే లోపల మంత్రం వేసి, తనూ వెంట రుయాకు వెళ్లేవాడు. ఇప్పుడు ఆ పని ఆయన మనవడు చేస్తున్నాడు. పోయిన వానాకాలం రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. "అన్నా, 108 ఎక్కించినాము. కాలు వాచింది, పింజరి మాదిరుంది. డాక్టరుకు చెప్పు. నేనూ బండిలోనే వస్తా ఉండా." వెనక నుంచి సన్నగా మంత్రం వినపడుతోంది.